నారుమడి గురించి అల్లుడికి

అల్లుడూ,

ఫొటో చూశాను. మడి మధ్యలో చాపంత మేర మిరప నారు ఒరిగిపోయింది, చుట్టూ ఉన్నది బాగానే ఉంది. అది నారుకుళ్లు తెగులు. విత్తనాలు అమ్మిన వాళ్లను తిట్టుకోకు. పడిపోయిన మొక్కను ఒకదాన్ని పీకి మొదలు చూడు. నేలకు ఆనుకున్న చోట నీరుపట్టినట్టు మెత్తబడి దారంలా సన్నబడి ఉంటుంది, ఆకులు మాత్రం ఇంకా పచ్చగానే కనిపిస్తాయి. కొన్ని గింజలు అసలు మొలవలేదన్నావే, వాటిలోనూ సగం ఈ తెగులుకే మట్టిలో కుళ్లి ఉంటాయి.

ఏ మందు కొట్టాలి అని అడిగావు. మందు సంగతి తర్వాత, ముందు నీళ్లు ఆపు. రెండు పూటలా పైపుతో తడుపుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఈ తెగులు తెచ్చేవాటిలో ముఖ్యమైంది పిథియం అనే బూజులాంటి జీవి. సైన్సు వాళ్లు దాన్ని అసలైన శిలీంధ్రాల్లో లెక్కేయరు గానీ, ఆ గొడవ మనకెందుకు. దాని బీజాలకు తోకలుంటాయి, తడి మట్టిలో నిజంగానే ఈదుకుంటూ ఒక వేరు నుంచి ఇంకో వేరుకు పోతాయి. సాయంత్రం నీళ్లు పెట్టి రాత్రంతా మడి నాననిస్తే దానికి దారి వేసినట్టే. పొద్దున పూట, అదీ పైమట్టి ఆరాకే, చిల్లుల మూతి ఉన్న రోజ్ క్యాన్‌తో పలచగా పొయ్. ముసురు పట్టిన రోజున మడి జోలికే పోకు. మడి మీద కప్పిన గడ్డిని, మొలకలు కనిపించగానే తీసేశావా? తీయకపోతే ఈ పూటే తీసెయ్. నారు పాలిపోయిందని యూరియా మాత్రం చల్లకు.

ఇక మందు. పడిపోయిన నారును కింద మట్టితో సహా గంపలోకి ఎత్తి దూరంగా పారెయ్. కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరు నీటికి 3 గ్రాములు కలిపి, ఆ చోటా దాని చుట్టూ మట్టి తడిసేలా పొయ్. ఆకుల మీద పిచికారీ చేస్తే లాభం లేదు, జబ్బు మొక్క మొదల్లో ఉంది. అసలు ఈ మందును, గింజలు విత్తిన 9వ రోజు, 13వ రోజు, తెగులు ఉన్నా లేకున్నా పోయాలి. అప్పటికీ పాకుతుంటే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసి వచ్చే మందు లీటరుకు 2 గ్రాములు.

ఇంకో సంగతి. పశువుల ఎరువులో ట్రైకోడెర్మా, అంటే తెగుళ్లను అణిచే మంచి బూజు, కలిపి వేశానన్నావు, మంచిదే. కానీ రాగి మందు పోస్తే అదీ దెబ్బతినొచ్చు. నేనూ ఒక ఏడాది అలాగే వేసిన మూడో రోజు రాగి మందు పోసి, డబ్బు పెట్టి కొన్న మంచి బూజును నా చేత్తోనే దెబ్బతీసుకున్నాను. ఇప్పుడు నారు ముఖ్యం కాబట్టి పోయక తప్పదు.

వచ్చే ఏడాది మాత్రం మే నెలలోనే మొదలుపెట్టు. మడిని తడిపి, ఎండ లోపలికి దిగే తెల్ల పాలిథీన్ షీటు పరిచి, అంచులు మట్టితో మూసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలెయ్. మీ తాతయ్య పొగాకు నారుమడి మీద వరి ఊక పోసి కాల్చేవాడు, రెండూ నేలను వేడెక్కించడానికే. మడి 15 సెంటీమీటర్ల ఎత్తు, మీటరు వెడల్పు ఉండాలి, పక్కన కాలవ తీయాలి. ఎకరాకు సరిపడా నారుకు సెంటు మడి కావాలి. నువ్వు అర సెంటులో కుక్కావు, గాలి ఎలా ఆడుతుంది? వరసల్లో పలచగా, లోతు లేకుండా విత్తు. ప్యాకెట్లో గింజలు రంగు పూతతో వస్తే విత్తనశుద్ధి అయినట్టే, మళ్లీ మందు పట్టించకు. ఇంట్లో తీసిన గింజలైతే కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించు.

ఖాళీ అయిన చోట ఇప్పుడే మళ్లీ గింజలు వేయకు, అవీ పోతాయి. నారు తక్కువైతే మా మడిలో మిగిలింది ఇస్తాను, ఎకరాలో ఎంత తగ్గేదీ నాటే ముందు ఫోన్ చేసి చెప్పు.

మీ మామయ్య