పాత టాటా ఏస్‌కు లక్షా ముప్పై వేలు పెట్టాలా, పెద్ద బండి తీసుకోవాలా?

ప్రశ్న: మాది మదనపల్లె దగ్గర పల్లె. 2013 మోడల్ టాటా ఏస్ డీజిల్ బండి ఉంది, ఫైనాన్స్ తీరిపోయింది. తోటల నుంచి యార్డుకు టమాటా తోలతాను, అప్పుడప్పుడు తిరుపతి కిరాయి ఉంటుంది. డీజిల్ పోను నెలకు సగటున 27 వేలు మిగులుతుంది. ఇంటి ఖర్చు 15 వేలు, చిట్టీకి 5 వేలు. 2 లక్షల చిట్టీ, 40 నెలలు, ఇప్పటికి 22 కట్టాను. చేతిలో 1.40 లక్షలు ఉన్నాయి. బండి ఎత్తు ఎక్కేటప్పుడు నల్లపొగ వదులుతోంది. నెలలో మూడు రోజులు షెడ్డులోనే ఉంటోంది. ఇంజన్ పనికి 55 వేలు, నాలుగు టైర్లకు 16 వేలు, బ్రేకులకు 8 వేలు, కమాన్ పట్టీలు (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) పెంచి బాడీ ఎత్తు చేయడానికి 28 వేలు, పెయింటు, సౌండ్ బాక్సులకు 25 వేలు అవుతుందని మెకానిక్ చెప్పాడు. లేదంటే 4.5 లక్షలకు సెకండ్‌హ్యాండ్ బొలెరో పికప్ ఉంది. ఫైనాన్స్ వాళ్లు 12 శాతం వడ్డీకి మూడేళ్లకు 3 లక్షలు ఇస్తామంటున్నారు. తక్కువ పడితే మా ఆవిడ నగలు కుదువ పెడదామనుకుంటున్నా. రెండు నెలల్లో ఇన్సూరెన్స్, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) ఉన్నాయి. ఏం చేయమంటారు?

జవాబు: బండి బాగు చేయించండి. అయితే మెకానిక్ చెప్పిన పనులన్నిటికీ ఒప్పుకోవద్దు. పెద్ద బండి మీకు కావాల్సిందే, కానీ చిట్టీ ముగిశాక, ఏడాదిన్నర ఆగి తీసుకోండి. ఎందుకో చెబుతాను.

ముందు మెకానిక్ చెప్పిన లెక్క చూద్దాం. మొత్తం 1.32 లక్షలు. అంతా పెట్టేస్తే మీ దగ్గర మిగిలేది 8 వేలు. రెండు నెలల్లో ఇన్సూరెన్స్ ఉందని మీరే రాశారు. ఏడున్నర టన్నుల లోపు సరుకు బండ్లకు థర్డ్ పార్టీ ప్రీమియమే 2022లో ఖరారు చేసిన రేటు ప్రకారం 16,049 రూపాయలు, పన్ను అదనం. దానిపైన ఎఫ్‌సీ ఫీజు, గ్రీన్ ట్యాక్స్, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు తీసుకెళ్లే ముందు చేయించే చిన్నాచితకా పనులు. ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏటా తప్పదు. కొత్త పెయింటుతో నిగనిగలాడే బండి ఇన్సూరెన్స్ కట్టలేక ఇంటి ముందు నిలబడితే మీ చేతికి వచ్చే 27 వేలూ ఆగిపోతాయి. కాబట్టి ఈ రోజే 25 వేలు పక్కన పెట్టి, ఆ డబ్బు మనది కాదనుకోండి.

పెయింటు, సౌండ్ బాక్సులు ఇప్పుడు వద్దు. తుప్పు పట్టి రేకు తినేస్తున్న చోట మాత్రం గీకించి తుప్పు ఆపే రెడాక్సైడ్ పూత కొట్టించండి, అది చాలు.

కమాన్ పట్టీలు పెంచే మాట వినగానే నాకు భయం వేసింది. అందుకే దీని గురించి కాస్త ఎక్కువగా రాస్తున్నాను. మీ ఏస్ మోయగలిగేది ముప్పావు టన్ను. టమాటా క్రేటు 25 కిలోలనుకుంటే 30 క్రేట్లు. పట్టీలు పెంచి, బాడీ ఎత్తు చేసి 50 క్రేట్లు వేయాలన్నది మీ ఆలోచన అయి ఉంటుంది. అంటే 1,250 కిలోలు. పట్టీలు పెంచితే బండి వంగకుండా నిలబడుతుంది, కానీ బ్రేకుల శక్తి ఇసుమంత కూడా పెరగదు. ఆ బరువుతో తిరుపతి కిరాయికి భాకరాపేట ఘాట్ దిగడం ఎలా ఉంటుందో ఆ దారిలో తోలే మీకు నేను చెప్పక్కర్లేదు. ఇక డబ్బు సంగతి. 2019లో సవరించిన మోటారు వాహన చట్టంలో ఓవర్‌లోడుకు 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకూ మరో 2 వేలు జరిమానా ఉంది. కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చిన బండిని ఎఫ్‌సీకి తీసుకెళితే తిప్పి పంపవచ్చు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ పేచీ పెట్టడానికి కారణం మనమే అందించినట్టవుతుంది. ఆ 28 వేలు ఆదా చేసుకోండి.

టైర్లు, బ్రేకులకు వెనకాడవద్దు. ఆ 24 వేలు ముందుగా పెట్టాల్సిన ఖర్చు. టైర్లు కొనేటప్పుడు పక్కన చెక్కిన నాలుగు అంకెలు చూడండి. 2325 అని ఉంటే 2025లో 23వ వారం తయారైనదని అర్థం. ఏళ్ల తరబడి గోడౌన్‌లో ఉన్న సరుకును కొత్త ధరకు తీసుకోవద్దు.

ఇంజన్ విషయంలో తొందరపడొద్దు. నల్లపొగ అంటే సాధారణంగా డీజిల్ పూర్తిగా మండడం లేదని. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా, ఇంజెక్టర్లు పాడైనా, పంపు సెట్టింగ్ తప్పినా అలాగే వస్తుంది. రింగులు అరిగి ఇంజన్ ఆయిల్ తాగుతుంటే పొగ నీలంగా ఉంటుంది. ఒక వారం పాటు పొద్దున్నే, బండి చల్లగా ఉన్నప్పుడు, సమతలంగా ఉన్న చోట నిలిపి డిప్‌స్టిక్ తీసి ఆయిల్ మట్టం రాసుకోండి. మట్టం పెద్దగా తగ్గకపోతే ముందు ఫిల్టర్, ఇంజెక్టర్లు, పంపు చూపించండి. ఇది 55 వేల పని కాదు. ఆయిల్ దిగిపోతుంటే కంప్రెషన్ చెక్ చేయించి, ఇంకో షెడ్డులో కూడా అడిగి, అప్పుడు బోరుకు, అంటే ఆ 55 వేల ఇంజన్ పనికి, ఒప్పుకోండి. నిజంగా బోరు అవసరమైతే పెట్టండి, తప్పు లేదు. షెడ్డులో పోయే మూడు రోజులకు రోజుకు వెయ్యి చొప్పున నెలకు 3 వేలు నష్టమనుకుంటే, 55 వేలు తిరిగి రావడానికి ఏడాదిన్నర పడుతుంది. ఆ ఏడాదిన్నరా మీరు ఈ బండే తోలాలి కాబట్టి లెక్క సరిపోతుంది. అంతకు మించి ఈ బండి మీద పెట్టవద్దు.

టైర్లు, బ్రేకులు, ఇంజన్ అన్నీ చేయించినా అయ్యేది 79 వేలు. పక్కన పెట్టిన 25 వేలు పోను 36 వేలు మిగులుతాయి. ఇంజెక్టర్లతో సరిపోతే ఇంకా ఎక్కువ మిగులుతుంది. ఆ డబ్బును బ్యాంకులోనే ఉంచండి. ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మూడు రూపాయల వడ్డీ మనిషి దగ్గరికి, అంటే ఏడాదికి 36 శాతానికి, వెళ్లకుండా కాపాడేది అదే.

ఇక బొలెరో. ఫైనాన్స్ వాళ్లు చెప్పిన 12 శాతం ఫ్లాట్ రేటా, తగ్గుతున్న బాకీ మీదా అని అడిగారా? ఫ్లాట్ అయితే మూడేళ్లకు వడ్డీ 1.08 లక్షలు, నెల కిస్తీ 11,333. మీరు నెలనెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొదటి 3 లక్షల మీదే వేస్తారు. బ్యాంకు పద్ధతిలో చూస్తే అది దాదాపు 21 శాతం. ఇల్లు, చిట్టీ పోను మీకు నెలకు మిగిలేది 7 వేలు. కిస్తీ 11 వేలు. మొదటి నెల నుంచే 4 వేలు లోటు.

పెద్ద బండికి పెద్ద కిరాయి వస్తుంది కదా అంటారు. వస్తుంది, లోడు ఉన్న నెలల్లో. 2023 జులైలో కిలో టమాటా వంద దాటినప్పుడు ఊరంతా ధర గురించే మాట్లాడుకుంది. కానీ ధర చుక్కలనంటిందంటే తోటల్లో కాయ లేదనే. మీకు కూలి ముట్టేది క్రేటుకు, కాయ ధరకు కాదు. సీజన్ నెల ఆదాయం చూసి కిస్తీ ఒప్పుకుంటే ఖాళీ నెలల్లో అది మెడకు చుట్టుకుంటుంది.

ఇంకో 18 నెలలకు చిట్టీ ముగుస్తుంది. అది రిజిస్టర్ చేసిన చిట్టీయేనా, ముందు కనుక్కోండి. కాకపోతే నా సలహా మారుతుంది, వీలైనంత త్వరగా పాడుకుని బయటపడండి. రిజిస్టర్ అయినదైతే ఇప్పుడు పాడొద్దు. ఇప్పుడు పాడితే తోసేసే మొత్తం, అంటే పాటలో మీరు వదులుకునేది, ఎక్కువ, చివర్లో తక్కువ. మిగిలే 7 వేలలో 5 వేలు బ్యాంకు ఆర్‌డీలో (నెలనెలా కట్టే డిపాజిట్) వేయండి, 2 వేలు వచ్చే ఏడాది ఎఫ్‌సీకి, సర్వీసింగ్‌కు. ఏడాదిన్నరకు ఆర్‌డీ 90 వేలు, చిట్టీ కమీషన్ పోను 1.90 లక్షలు, ఏస్ అమ్మితే లక్ష అనుకుందాం. మొత్తం 3.80 లక్షలు. 2028లో బండికి 15 ఏళ్లు నిండుతాయి. ఆ తర్వాత ఎఫ్‌సీ ఫీజు బాగా పెరుగుతుంది, కొనేవాళ్లు వెనకాడతారు. కాబట్టి దానికి ముందే అమ్మేయండి.

అప్పుడు 4.5 లక్షల పికప్‌కు అప్పు 70 వేలే. 1.3 టన్నుల పికప్‌లో ఆ 50 క్రేట్లూ చట్టప్రకారమే పడతాయి. కొత్తదే కావాలనిపించి 5.5 లక్షలు అప్పు చేస్తే, 11 శాతం తగ్గే వడ్డీకి ఐదేళ్లలో కిస్తీ 12 వేలకు కాస్త తక్కువ. చిట్టీ 5 వేలు, ఆర్‌డీ 5 వేలు, సర్వీసింగ్ 2 వేలు కలిపినా బొటాబొటి. నేనైతే మీకు సెకండ్‌హ్యాండే చెబుతాను. 2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు బండ్లపై జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. పాత బండి బేరానికి వెళ్లేటప్పుడు షోరూం నుంచి కొత్త బండి కొటేషన్ జేబులో పెట్టుకుని వెళ్లండి. సీబుక్‌లో (బండి ఆర్‌సీ) ఫైనాన్స్ ఉంటే, ఆ అప్పు తీరిందని ఫైనాన్స్ వాళ్లు ఇచ్చే ఎన్‌ఓసీ, ఫారం 35 చేతికి వచ్చేదాకా డబ్బు పూర్తిగా ఇవ్వకండి.

అప్పు కొంతైనా బ్యాంకులో, ముద్ర రుణ పథకం కింద అడగండి. కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు ఇస్తారు, తాకట్టు అడగరు. కానీ మీ ఆదాయం కాగితం మీద కనబడాలి. ఈ నెల నుంచే కిరాయి చేతికి తీసుకోకుండా ఫోన్‌పే, గూగుల్‌పేతో ఖాతాలో వేయించుకోండి. ఏడాదిన్నర స్టేట్‌మెంటు మేనేజరు ముందు పెడితే మాటల్లో చెప్పిన 27 వేలకంటే గట్టిగా నిలుస్తుంది.

నగలు ఇప్పుడు కదపొద్దు. సీజన్ మధ్యలో ఇంజన్ కూర్చుని, చేతిలో ఉన్నది చాలకపోతేనే, అదీ బ్యాంకులోనే పెట్టండి. ఇదే వారంలో బ్యాంకుకు వెళ్లి ఏటా 20 రూపాయల సురక్షా బీమా చేయించుకోండి. ప్రమాదంలో మీకేమైనా అయితే ఇంటికి 2 లక్షలు వస్తాయి. వయసు 50 లోపు ఉంటే ఏటా 436 రూపాయల జీవన్ జ్యోతి జీవిత బీమా కూడా. ఇంట్లో వాళ్లంతా మీ స్టీరింగ్ మీదే ఆధారపడి ఉన్నారు, ఈ రెండూ ఆపకండి.