టైల్స్ పగలగొట్టించే ముందు

చిన్నీ,

నిన్న ఫోన్లో నీ గొంతు విని ఇంట్లో ఎవరికో ఏదో అయిందనుకున్నాను. తీరా చూస్తే బెడ్‌రూమ్ గోడకు చెమ్మ! ప్లంబర్ వచ్చి గోడను వేళ్లతో రెండుసార్లు తట్టి, "లోపల పైపు పోయింది మేడమ్, బాత్‌రూమ్ టైల్స్ మొత్తం తియ్యాలి" అన్నాడన్నావు. అతని మాట నిజమే అయ్యుండొచ్చు. అయినా ఒక వారం ఆగమను. ఇవన్నీ ఫోన్లో చెబుదామంటే మీవాడు మధ్యలో ఫోన్ లాక్కుంటాడు, అందుకే రాస్తున్నాను. అల్లుడి చేత కూడా చదివించు.

గుంటూరు ఇంట్లో మూడు పోర్షన్లు అద్దెకిచ్చి ముప్పై ఏళ్లు నెట్టుకొచ్చినదాన్ని. మీ పెదనాన్నకు కుళాయి తిప్పడమే గానీ, దాని వెనక ఏముందో ఎప్పుడూ పట్టలేదు. ప్లంబర్ల వెనకాల నిలబడి చూసి నేర్చుకున్నదే నా చదువు. మంచి పనివాళ్లూ దొరికారు, వాషర్ పోతే కుళాయే మార్చమన్నవాళ్లూ దొరికారు.

ముందు నీ గోడ సంగతి. ఇంట్లో నీళ్లకు రెండు దారులు. ట్యాంకు నుంచి కుళాయికి వచ్చేది ఒకటి, వాడాక బయటికి పోయేది ఇంకోటి. వచ్చే పైపులో రాత్రీ పగలూ నీళ్లు నిండుగా, ఒత్తిడితో ఉంటాయి. అది లీకైతే నువ్వు స్నానం చేసినా మానేసినా గోడ తడుస్తూనే ఉంటుంది. అదే పోయే దారిలో లోపమైతే, అంటే నేల మీద టైల్స్ సందుల్లో సిమెంటు ఊడినా, నహానీ ట్రాప్ (నేల జాలీ కింద నీళ్లు దిగే గిన్నె) చుట్టూ చీలిక పడినా, నీళ్లు వాడినప్పుడే చెమ్మెక్కుతుంది. ఇవి కాక వాన. బయటి గోడ పగుళ్లలోంచి దిగుతుంది, ఎండాకాలం దాని జాడ కనబడదు.

కాబట్టి ఇలా చెయ్యి. చెమ్మ అంచు వెంట పెన్సిల్‌తో గీత గీసి, పక్కన తేదీ వెయ్యి. నాలుగైదు రోజులు ఆ బాత్‌రూమ్‌కి తాళం పెట్టి, అందరూ రెండోదే వాడండి. దానికి వచ్చే నీళ్ల లైను మాత్రం కట్టెయ్యొద్దు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. చెమ్మ గీత దాటి పాకుతుంటే వచ్చే పైపునే అనుమానించాలి. అంచులు ఆరుతూ లోపలికి జరుగుతుంటే తప్పు నేలది. గోడ ఆరడానికి టైం పడుతుంది, రెండో రోజుకే తీర్పు చెప్పెయ్యకు. నేలదే అని తేలితే, టైల్స్ సందుల్లో పాత సిమెంటు గీకించి ఎపాక్సీ గ్రౌట్ (నీళ్లు పట్టని పూత) పెట్టించు, ట్రాప్ చుట్టూ సరిచేయించు. చాలా ఇళ్లలో దానితోనే ఆగుతుంది. మా వెనక పోర్షన్‌లో ఆగింది. అంతకుముందు వచ్చినాయన గోడంతా తవ్వుదామని సుత్తి కూడా తెచ్చుకున్నాడు!

ఇంకో పరీక్ష రాత్రిపూట చెయ్యాలి. మోటారు ఆపి, కుళాయిలన్నీ కట్టేసి, పైకెక్కి ట్యాంకులో కర్ర ముంచి నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గుర్తు పెట్టుకో. నల్లా నీళ్లు నేరుగా ట్యాంకులోకి ఎక్కే ఏర్పాటు ఉంటే అదీ కట్టెయ్యి. తెల్లవారి ఎవరూ ముఖం కడగకముందే మళ్లీ కర్ర ముంచు. 1000 లీటర్ల గుండ్రటి ట్యాంకులో అంగుళం తగ్గిందంటే 20 లీటర్లు ఎటో పోయాయన్నమాట.

అలా తగ్గినా వెంటనే గోడ మీద పడకు. మొదటి దొంగ ఫ్లష్ ట్యాంకు. బట్టలకు వేసే నీలిమందు నాలుగు చుక్కలు అందులో వేసి, అరగంట ఎవర్నీ ఆ బాత్‌రూమ్‌లోకి పోనివ్వకు. ఫ్లష్ చెయ్యకుండానే కమోడ్‌లో నీలం రంగు దిగిందా, ట్యాంకు అడుగున రబ్బరు వాషర్ పోయినట్టే. చప్పుడు ఉండదు, నేల తడవదు, నెలల తరబడి పోతూనే ఉంటుంది. మీ హైదరాబాద్ జలమండలి వాళ్లు మీటరు పనిచేసే ఇళ్లకు నెలకు 20 వేల లీటర్లు ఉచితం అని 2021లో మొదలుపెట్టారు కదా, ఆ హద్దు దాటించడానికి ఇలాంటి రబ్బరు ముక్క బాగానే సాయం చేస్తుంది.

ఇప్పుడు నా పరువు పోయిన కథ చెప్తాను. మీ అక్క పెళ్లికి ముందు రోజు సాయంత్రం వాష్‌బేసిన్ కింద యాంగిల్ కాక్ (గోడలోంచి బేసిన్‌కి నీళ్లు వదిలే చిన్న కుళాయి) దగ్గర చుక్క చుక్క కారుతోంది. ఇంటి నిండా చుట్టాలు. ప్లంబర్ రేపొస్తానన్నాడు. నేనే పానా తెచ్చి ఒక్క పట్టు పట్టాను. కారడం ఆగలేదు, ఇంకో పట్టు పట్టాను. టక్కుమని మర గోడలోనే విరిగిపోయి, కాక్ నా చేతిలోకి వచ్చింది. నీళ్లు ఎదురు గోడకు కొట్టాయి. మీ బాబాయి డాబా మీదికి పరిగెత్తాడు. ట్యాంకు కింద గేట్ వాల్వ్ ఉంది గానీ, ఇల్లు కట్టినప్పటి నుంచీ ఎవరూ తిప్పలేదు, తుప్పు పట్టి బిగిసిపోయింది. చివరికి ట్యాంకు ఖాళీ అయ్యేదాకా చుట్టాలంతా బకెట్లతో నిలబడ్డారు. వియ్యపురాలి పట్టుచీర అంచు తడిసింది. ఆ మాట ఇప్పటికీ ఆవిడ మర్చిపోలేదు.

అందుకని ఈ ఆదివారమే డాబా ఎక్కి ఏ వాల్వ్ తిప్పితే ఏ గదికి నీళ్లు ఆగుతాయో చూడండి. పెయింటుతో వాటి పక్కన 'వంటిల్లు', 'కింది బాత్‌రూమ్' అని రాయించు. రెండు మూడు నెలలకోసారి ఒక్కొక్కటీ పూర్తిగా మూసి తెరవాలి. బిగిసిపోయినదాన్ని మాత్రం బలవంతం చెయ్యకు, మార్పించెయ్యి.

మీరు సొంతంగా చేసుకోగలిగినవి కొన్ని ఉన్నాయి. ఒక్క కుళాయిలోనే ధార సన్నబడితే, మూతి దగ్గర జల్లెడ విప్పి నిమ్మ ఉప్పు కలిపిన గోరువెచ్చని నీళ్లలో నానబెట్టు. బోరు నీళ్ల ఉప్పు గార కరిగిపోతుంది. ఇల్లంతా సన్నబడితే వాల్వ్ సగం మూసి ఉందేమో, ట్యాంకు ఖాళీ అయ్యి నిండినప్పుడు పైపులో గాలి పట్టిందేమో చూడాలి. పాత మర కుళాయి కారితే అది వాషర్ పని. జెట్ స్ప్రే కారితే కొత్తది కొని బిగించుకోవచ్చు, మరకు టెఫ్లాన్ టేపు చుట్టడం మరిచిపోకు. ఊరెళ్లి వచ్చేసరికి బాత్‌రూమ్‌లో మురుగు వాసన కొడితే కంగారు పడి ఎవర్నీ పిలవొద్దు. ట్రాప్‌లో నీళ్లు ఇంకిపోయి ఉంటాయి, రెండు చెంబులు పొయ్యి. వంటింటి సింకు నెమ్మదిగా దిగితే కింద బకెట్ పెట్టి బాటిల్ ట్రాప్ (సింకు కింద సీసాలాంటి భాగం) విప్పి కడుగు. నూనె, గంజి, దోసెల పిండి కలిసి అందులో ఒక రకం లప్పం తయారవుతుంది, ముక్కు మూసుకోవాల్సిందే.

యాసిడ్ మాత్రం పొయ్యకు. పోసిన తర్వాత ప్లంబర్‌ని పిలవాల్సొస్తే ఆ మాట అతనికి ముందే చెప్పు, చేతులు అతనివి కాలతాయి. యాసిడ్, బ్లీచింగ్ పొరపాటున కూడా కలపొద్దు, విషవాయువు వస్తుంది.

ఇక ఆలోచించకుండా ఫోన్ చెయ్యాల్సినవి. బేసిన్‌లో పోసిన నీళ్లు నేల జాలీలోంచి పైకి ఉబికాయంటే అడ్డం పడింది పెద్ద లైన్లో, అక్కడ మీ ప్లంజర్ పనిచెయ్యదు. గోడలోపలి పైపు, గోడలో విరిగిన మర అతని పనే. చెమ్మ స్విచ్‌బోర్డు దాకా వచ్చినా, కుళాయి ముట్టుకుంటే కరెంటు కొట్టినట్టు చెయ్యి జిల్లుమన్నా, తడి చేతులతో ఏదీ తాకకుండా మెయిన్ ఆపించి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి. గీజర్ వేడెక్కేటప్పుడు సేఫ్టీ వాల్వ్ నుంచి నాలుగు చుక్కలు పడితే పర్లేదు, వ్యాకోచించిన నీళ్లవి. ఆపాక కూడా కారుతుంటే ఆ కంపెనీ మెకానిక్‌ని పిలువు, ఆ రంధ్రానికి మాత్రం ఎవర్నీ ఎంసీల్ పెట్టనివ్వకు. సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపుతానని ఎవరన్నా అంటే గేటు దాటనివ్వకు. రక్షణ సామగ్రి లేకుండా అలా దింపడం 2013 చట్టం ప్రకారం నేరం, దిగినవాడు లోపలి గాలికి అక్కడే పడిపోతాడు. గొట్టంతో మురుగు తోడే లారీ వాళ్లను పిలిపించు.

ప్లంబర్‌ని పిలిచేటప్పుడు 'లీకవుతోంది, రండి' అనకు. ఎక్కడ, ఎప్పటి నుంచి, వాడినప్పుడా ఎప్పుడూనా అని చెప్పు, కారే చోటు ఫొటో పంపు. సామాను తెచ్చుకునే వస్తాడు, షాపుకి రెండు తిరుగుళ్లు తప్పుతాయి. కూలీ ఎంత, సామాను ఎంత అని విడివిడిగా అడుగు. తీసిన పాత ముక్క చూపించమను. గోడ తవ్వాల్సే వస్తే, కొత్త పైపు వేశాక సిమెంటు మెత్తకముందు ప్రెషర్ టెస్టు (నీళ్లు ఒత్తిడితో నింపి కారుతుందేమో చూడటం) చేయించు, పక్కన కొలత టేపు పెట్టి పైపు ఫొటో తీసి ఉంచు. రేపు గోడకు మేకు కొట్టేటప్పుడు ఆ ఫొటోయే నిన్ను కాపాడుతుంది. పనివాడికి మంచినీళ్లు, టీ ఇవ్వడం నీకు చెప్పక్కర్లేదు.

ఇవాళే గీత గియ్యి. ఐదో రోజు పొద్దున్నే ఆ గోడ ఫొటో, ట్యాంకు లెక్క రెండూ నాకు వాట్సాప్‌లో పెట్టు. అప్పుడు ఆ ప్లంబర్‌తో నేనే మాట్లాడతాను.

మీ పెద్దమ్మ