పాత కారు: షోరూంకా, బయటికా?

ప్రశ్న: మాది అనంతపురం. 2017 డీజిల్ కారు, 82 వేల కిలోమీటర్లు తిరిగింది. కొత్త కారు కొంటున్న షోరూంవాళ్లు ఎక్స్ఛేంజ్ కింద 3,40,000 రూపాయలు, పైన 25,000 బోనస్ ఇస్తామన్నారు. బళ్లారి నుంచి ఒకాయన 4 లక్షలకు అడుగుతున్నారు. బ్యాంకు అప్పు తీరి ఏడాదైంది. ఏది మేలు?

జవాబు: పైకి చూస్తే తేడా 35,000. అసలు తేడా తెలియాలంటే పాత కారు మాట ఎత్తకుండా కొత్త కారు ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి. పాత బండి ధర ఆ తర్వాతే అడగండి. ఎక్స్ఛేంజ్ లేకుంటే 15,000 డిస్కౌంటు ఇస్తామని, ఉంటే అది ఉండదని అన్నారనుకోండి, మీకు నిజంగా ముట్టేది 3,50,000. అప్పుడు తేడా 50,000. అంత తేడా ఉంటే బళ్లారి ఆయనకే అమ్మండి. అయితే ఒక షరతు మీద మాత్రమే: పేరు మార్పిడి వాయిదా వేయకూడదు.

బండి కర్ణాటకకు పోతుంది కాబట్టి ఇక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకోవాలి. అక్కడ లైఫ్ టాక్స్ ఆయనే కట్టుకోవాలి. చాలా బేరాలు తెగేది ఇక్కడే. మొదట 4 లక్షలన్నవారు టాక్స్ లెక్క తెలిశాక తగ్గించమంటారు, లేదా "ఏడాది దాకా ఏపీ నంబరుతోనే తిప్పుకుంటాను, పేరు తర్వాత మార్చుకుంటాను" అంటారు. వేరే రాష్ట్రంలో 12 నెలలు దాటితే తిరిగి రిజిస్ట్రేషన్ చేయించాలన్న మాట నిజమే. కానీ ఆ ఏడాదంతా ఆర్‌సిలో (రిజిస్ట్రేషన్ కాగితంలో) ఉండేది మీ పేరే. రిజిస్టరులో పేరున్నవారే యజమాని అని, ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. దీనికి మాత్రం ఎంత ఎక్కువ ఇస్తామన్నా ఒప్పుకోవద్దు.

అప్పు తీరినా ఆర్‌సిలో బ్యాంకు పేరు అలాగే ఉండిపోతుంది. ముందు బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35తో దాన్ని తీయించండి. చలాన్లు కట్టేయండి. అడ్వాన్సు తీసుకున్నాకే ఫారం 28 పెట్టండి, దాని మీద ఛాసిస్ నంబరు పెన్సిల్ ముద్ర (అంకెల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దిన గుర్తు) ఉండాలి. ఆర్‌టీఓ ఎన్‌ఓసీ వచ్చి, మిగతా డబ్బు ఖాతాలో పడ్డాకే తాళాలివ్వండి. ఒకే బేరానికి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోకూడదు, జరిమానా పడేది తీసుకున్నవారికే. పేరు మార్పిడికి వాడే ఫారం 29, 30 ఖాళీగా సంతకం చేసి ఎవరికీ ఇవ్వకండి. అప్పగించిన తేదీ, గంట రాసి ఇద్దరూ సంతకాలు చేయండి. ఫాస్టాగ్ ఆ రోజే మూయించండి, లేదంటే టోల్ మీ ఖాతాలోంచి పోతుంది.

అమ్మే ముందు రంగు వేయించొద్దు, యాక్సిడెంట్ బండేమోనని అనుమానపడతారు. సర్వీసు రికార్డు చూపిస్తే చాలు.

ఆయన ఈ పద్ధతికి ఒప్పుకోకపోతే షోరూంకే ఇవ్వండి. అక్కడా పేరు సంగతి తేల్చుకోవాలి. 2023 ఏప్రిల్ నుంచి అనుమతి ఉన్న డీలరు బండి తీసుకున్నట్టు ఫారం 29సీ ద్వారా ఆన్‌లైన్‌లో తెలపాలి. అక్కడి నుంచి బాధ్యత డీలరుది. ఆ రసీదు అడిగి తీసుకోండి.

ప్రశ్న: ఐదేళ్లుగా క్లెయిమ్ లేదు. కారు అమ్మితే నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు బీమా ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) పోతుందా? (తాడిపత్రి)

జవాబు: పోదు. అది బండిది కాదు, మీది. అమ్మిన కాగితాలు చూపించి బీమా కంపెనీ నుంచి లేఖ తీసుకోండి, మూడేళ్లలోపు కొత్త కారుకు వాడుకోవచ్చు. మీకున్న 50 శాతం తగ్గింపు ఓన్ డ్యామేజ్ (మీ బండి నష్టానికి) ప్రీమియం మీదే, థర్డ్ పార్టీ (ఎదుటివారి నష్టానికి) ప్రీమియం మీద కాదు. పాలసీ మీ పాత కారు కొన్నవారి పేరుకు మారితే ఆ తగ్గింపు తేడా వారే కట్టాలి, బేరం ముగిసేలోపే చెప్పేయండి.