ఒకే నైట్రోజన్, రెండు పనులు

ప్రశ్న: పండ్ల బూజుకు వాడే ఇమజలిల్ మామూలు నీళ్ళలో సరిగా కరగదు, ఆమ్లం తగిలితే ఇట్టే కరుగుతుంది. అలా కరిగించి వాడితే ఇంకా బాగా పనిచేస్తుందా? అసలు ఇది బూజును ఎలా చంపుతుంది?

జవాబు: ల్యాబులో చేరిన కొత్తలో నేనూ, బాగా కరిగితే బాగా పనిచేస్తుందనే అనుకున్నాను. కాదు. ఎందుకో తెలియాలంటే ముందు మీ రెండో ప్రశ్నకు రావాలి.

ఇమజలిల్‌లో మూడు కార్బన్లు, రెండు నైట్రోజన్లు కలిసిన చిన్న వలయం ఉంది. అదే ఇమిడజోల్. ఒక నైట్రోజన్ మిగతా అణువును పట్టుకుని ఉంటుంది. రెండోదాని దగ్గర ఒక ఎలక్ట్రాన్ల జంట ఖాళీగా ఉంటుంది. కథంతా ఆ జంటదే.

మన కణపొరకు కొలెస్టరాల్ ఎలాగో, బూజు కణపొరకు ఎర్గోస్టెరాల్ అలా. అది తయారయ్యే దారిలో, ముడి అణువులో 14వ కార్బన్ మీదున్న మిథైల్‌ను (ఒక కార్బన్, మూడు హైడ్రోజన్ల చిన్న గుంపు) ఒక ఎంజైమ్ తీసెయ్యాలి. ఆ ఎంజైమ్ నడుమ ఉన్న ఇనుము ఆక్సిజన్‌ను పట్టుకుంటేనే పని జరుగుతుంది. ఆ జంట ఉన్న మన నైట్రోజన్ వెళ్ళి ఆ ఇనుమును అంటుకుందంటే ఆక్సిజన్‌కు చోటుండదు. ఎర్గోస్టెరాల్ తగ్గి కణపొర పట్టు తప్పుతుంది.

మొదటిసారి మందు కలిపిన పళ్ళెంలోనూ బూజు బీజాలు మొలకెత్తడం చూసి, మందు పాడైందేమోనని ఎంత టెన్షన్ పడ్డానో! బీజంలో ముందే దాచుకున్న ఎర్గోస్టెరాల్ ఉంటుంది, మొలకకు అది చాలు. మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే మొలకల కొసలు ఉబ్బి, వంకర తిరిగి ఆగిపోయాయి. అందుకే చంపుతుంది అనేకంటే ఎదగనివ్వదు అంటాను.

ఇక ఆమ్లం సంగతి. ఆమ్లం ఇచ్చే ప్రోటాన్‌ను పట్టేది కూడా ఆ నైట్రోజనే. దీని పీకేఏ, అంటే సరిగ్గా సగం అణువులు ప్రోటాన్ పట్టుకుని ఉండే పీహెచ్, సుమారు 6.5. అంటే పీహెచ్ 4.5 దగ్గర నూటికి 99 అణువులు ప్రోటాన్ పట్టుకుని, విద్యుదావేశంతో హాయిగా నీళ్ళలో కరుగుతాయి. కానీ ఆవేశమున్న అణువు కొవ్వుతో చేసిన కణపొరను సులువుగా దాటలేదు. పైగా ఇనుమును పట్టాల్సిన చెయ్యి ప్రోటాన్‌తో నిండిపోయింది. పీహెచ్ 7.6 దగ్గర లీటరుకు 180 మిల్లీగ్రాములే కరుగుతుంది గానీ, కరిగినదాంట్లో ఎక్కువ భాగం లోపలికి పోగలిగేదే.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. కొన్ని బూజులు ఆ ఎంజైమ్‌నే ఎక్కువగా తయారుచేసుకుని మందుకు లొంగవు. అప్పుడు ప్రోపికొనజోల్ లాంటి ట్రయజోల్‌కు (వలయంలో మూడు నైట్రోజన్లున్న మందు) మారితే మందు మార్చినట్టు కాదు, అదీ వెళ్ళి పట్టుకునేది ఆ ఇనుమునే.