అనాసపండు, చీజ్‌తో ఇంట్లో చేసే పిజ్జా అడుగు మెత్తబడకుండా ఉండాలంటే ఏం చేయాలి?

అడుగు మెత్తబడటానికి ప్రధాన కారణం పండులోని నీరు. 1962లో కెనడాలోని చాథమ్‌లో రెస్టారెంట్ యజమాని శామ్ పానోపౌలోస్ పిజ్జాపై తొలిసారి వేశారని చెప్పేవి కూడా డబ్బాలో నిల్వచేసిన అనాస ముక్కలు. డబ్బాలో నింపేటప్పుడే వేడి తగలడం వల్ల వాటిలో బ్రోమెలైన్ అనే ఎంజైమ్ పనిచేయదు. తాజా పండులో మాత్రం అది చురుకుగా ఉండి, చీజ్‌లోని మాంసకృత్తులను విడగొడుతుంది. అందుచేత ముక్కలను సన్నగా తరిగి, పొడి పెనంపై అంచులు ఎర్రబడి, ఊరిన రసమంతా ఇగిరిపోయేవరకు వేయించడం తప్పనిసరి అని నా అభిప్రాయం. నీరు, ఎంజైమ్ రెండింటి బెడదా దీనితోనే తీరుతుంది.

250 గ్రాముల మైదాలో చెంచా ఈస్ట్, అరచెంచా ఉప్పు, కొద్దిగా నూనె వేసి, సుమారు 160 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీటితో మెత్తగా కలిపి, రెట్టింపు అయ్యేదాకా మూతపెట్టి ఉంచాలి. ఈ పిండి రెండు చిన్న పిజ్జాలకు సరిపోతుంది. టమాటా గుజ్జును పలుచగా మాత్రమే రాసి, మొజరెల్లా, వేయించిన పండు, క్యాప్సికమ్, పచ్చిమిర్చి చీలికలు పరచి, ముందుగా 250 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 10–12 నిమిషాలు కాల్చాలి. ఓవెన్ లేనివారు మందపాటి పెనంపై రొట్టెను ఒకవైపు కాల్చి, తిరగవేసి, కాలిన వైపున ఇవన్నీ అమర్చి, చీజ్ కరిగేవరకు సన్నని మంటపై మూతపెట్టి ఉంచవచ్చు. కొన్ని చీజ్‌ల తయారీలో పాలను గడ్డకట్టించడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు కనుక, శాకాహారులు ప్యాకెట్‌పై ఆకుపచ్చ గుర్తు చూసి కొనడం అవసరం.