సాసు దగ్గర జాగ్రత్త, అమ్ములూ

అమ్ములూ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. వచ్చే ఆదివారం మీ ఆఫీసు వాళ్లు పది మందిని ఇంటికి పిలిచావంట. బీఫ్ బర్గర్లు నువ్వే చేస్తావంట, సాసు కూడా ఇంట్లోనే కలుపుతావంట. వినగానే కడుపు నిండింది. తిరుపతిలో ఒక్కదానివే అద్దె ఇంట్లో ఉంటూ పది మందికి వండిపెడతానంటున్నావు, మా ఇంటి పిల్లవే. కానీ సాసు అనే మాట దగ్గర గుండె దడ మొదలైంది. రాత్రంతా నిద్ర లేదు. తెల్లారగానే రాయడానికి కూర్చున్నా.

రూబెన్ శాండ్‌విచ్ రుచిలో చేస్తావని చెప్పింది. బెంగళూరు హోటల్లో ఆ శాండ్‌విచ్ నా చేత్తో ఎన్ని చేశానో. అది మాదేనని అమెరికాలోని ఒమాహా ఊరి వాళ్లు, కాదు మాదని న్యూయార్క్ వాళ్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఉప్పులో ఊరిన బీఫ్, పులిసిన క్యాబేజీ, స్విస్ చీజ్, మయోనీస్‌లో కెచప్ కలిపిన గులాబీ రంగు సాసు, రై అనే ధాన్యంతో చేసిన బ్రెడ్. నువ్వు ఊరిన మాంసం బదులు కైమా బిళ్ల పెడుతున్నావు, బాగుంటుంది.

మాంసం ఆదివారం పొద్దున్నే తెచ్చుకో. మన రాష్ట్రంలో ఆవును కోయడం 1977 చట్టంతో నిషేధం కాబట్టి, కొట్లో దొరికేది ఎక్కువగా ఎనుము మాంసమే. అందులో కొవ్వు తక్కువ. పదకొండు మందికి 1200 గ్రాముల మాంసం, 300 గ్రాముల కొవ్వు కలిపి కైమా కొట్టించు, లేకపోతే బిళ్లలు చెక్కల్లా ఎండిపోతాయి. ఉప్పు కైమాలో కలపొద్దు, బంకగా పట్టుకుంటుంది. పెనం మీద వేసే ముందు పైన చల్లు. బిళ్ల మధ్యలో బొటనవేలితో చిన్న గుంట చెయ్యి, ఉబ్బకుండా ఉంటుంది. అట్లకాడతో అదమొద్దు. ముక్క మాంసానికి క్రిములు పైనే ఉంటాయి, కైమా కొడితే లోపలికంతా పోతాయి. అందుకని బిళ్ల లోపల 71 డిగ్రీల సెల్సియస్ రావాలి. రంగు చూసి ఉడికిందనుకోవద్దు. థర్మామీటరు నా దగ్గర ఉంది, మీ నాన్నతో పంపిస్తా.

ఇక సాసు సంగతి. నీకు ఎవరూ చెప్పి ఉండరు. నేనే చెప్పొద్దన్నాను.

2001 మే నెలలో మీ చిన్నాన్న ఎంగేజ్‌మెంట్ చిత్తూరులో మన ఇంట్లోనే జరిగింది. నేను హోటల్ పని మానేసి వచ్చిన కొత్త. అందరికీ నా పనితనం చూపించాలని చికెన్ శాండ్‌విచ్‌లు చేస్తానన్నాను. పొద్దున ఆరింటికి ఎనిమిది పచ్చి గుడ్ల సొనతో మయోనీస్ కొట్టాను. నూనె చుక్కచుక్కగా పోస్తూ గిలక్కొడుతుంటే తెల్లగా, వెన్నముద్దలా వచ్చింది. మీ జేజి వేలితో తీసి నాకి, ఎంత బాగుందే అంది. ఏడింటికి కరెంటు పోయింది. ఫ్రిజ్‌లో పెట్టినా ఒకటేలే అనుకుని, గిన్నె మీద తడిగుడ్డ కప్పి కిటికీ గూట్లో పెట్టాను. మధ్యాహ్నం ఒంటిగంటకు అదే సాసు పూశాను. వాసన లేదు, పులుపు లేదు, రంగు మారలేదు. హోటల్లో పదేళ్లు చేసినదాన్ని, రుచి చూసి బాగుందనుకున్నాను.

రాత్రి పది దాటాక ఒక్కొక్కరికీ మొదలైంది. వాంతులు, బేదులు, జ్వరం. తెల్లారేసరికి పద్నాలుగు మంది పడిపోయారు. పెద్దవాళ్లు సెలైన్‌తో లేచారు. నీకు అప్పుడు మూడేళ్లు. నీ కళ్లు లోపలికి పోయాయి, ఏడ్చినా కన్నీళ్లు రాలేదు. మీ నాన్న నిన్ను వేలూరు తీసుకెళ్లాడు. నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉన్నావు. ఆ నాలుగు రోజులూ మీ అమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. ఐదో రోజు నిన్ను తెచ్చి నా ఒళ్లోనే పడుకోబెట్టింది. నీ చేతి మీద సూది గుచ్చిన చోట నల్లగా కమిలి ఉంది. ఆ మచ్చ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్ల మయోనీస్‌ని ఏడాది పాటు నిషేధించింది. 2025 ఏప్రిల్‌లో తమిళనాడు కూడా అదే చేసింది. టీవీలో ఆ వార్త చూసి ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను.

కాబట్టి గుడ్డు వద్దు. కాచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టిన పాలు అరకప్పు, నూనె ఒక కప్పు తీసుకో. చిన్న మిక్సీ జారులో పాలు, ఉప్పు వేసి తిప్పుతూ నూనె సన్నగా పొయ్యి. చిక్కబడ్డాక నిమ్మరసం. అందులో టమోటా కెచప్, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలుపు. హోటల్లో హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంప వేసేవాళ్లం. మన ఆవాల్లోనూ ఉండేది అదే ఘాటు. ఆవపిండి చల్లటి నీళ్లతో తడిపి పది నిమిషాలు ఉంచి కలుపు. వేడి నీళ్లు తగిలితే ఘాటు చచ్చి చేదు మిగులుతుంది. మూత పెట్టి ఫ్రిజ్‌లోనే ఉంచు. బయట పెట్టినది గంట దాటితే పారబొయ్యి. కరెంటు పోయిందని చూస్తూ కూర్చోవద్దు, ఐస్ తెచ్చి పెట్టుకో.

క్యాబేజీకి కిలోకి 20 గ్రాముల ఉప్పు వేసి పిసికి, ఊరిన నీళ్లలో మునిగేలా సీసాలో అదుము. ఆదివారానికి పులుస్తుంది కానీ ఈ రోజే పెట్టాలి. బన్నులు వెన్నతో కాల్చు.

అయినా ఎవరిని అడిగి పిలిచావే పది మందిని? రెండు పొయ్యిల స్టవ్వు మీద? వాళ్లలో ఎవరు తింటారో, ఎవరు తినరో ఫోన్ చేసి ముందే కనుక్కో. ఇది పెద్దకూర అని నోరు తెరిచి చెప్పు, దాచొద్దు. తినని వాళ్లకు వేరే పెనం, వేరే గరిటె. ఇంటి ఓనరు ఏమంటారో అది కూడా అడుగు. మరుసటి రోజు కొండకు పోయేవాళ్లకు మిగిలింది డబ్బాలో కట్టివ్వకు. అలిపిరిలో చెకింగ్‌లో బయటపడితే వాళ్లకు ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించు.

మొదటి బర్గర్ నువ్వు తిని చూడు, వేడివేడిగా. ఎలా వచ్చిందో ఫోన్ చేసి చెప్పు. రాత్రి పది దాటాక ఇంకోసారి చెయ్యి. నేను మేలుకొనే ఉంటాను.

మీ అత్త