ఆయాసం వచ్చేవాళ్లు కొండలెక్కకూడదా?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. రోజూ అరగంట నడుస్తాను. పోయిన నెల ఆఫీసువాళ్లతో మొదటిసారి హైకింగ్‌కి వెళ్లాను. పావుగంటకే ఆయాసం. మిగతావాళ్లు ముందుకెళ్లిపోయారు, నేను సగంలోనే దిగి వచ్చేశాను. రెండు రోజులు తొడలు పట్టేసి మెట్లు దిగలేకపోయాను. మళ్లీ వెళ్లాలని ఉంది, కానీ తలుచుకుంటేనే టెన్షన్. నాలాంటివాళ్ల పని కాదేమో?

జవాబు: తప్పకుండా వెళ్లండమ్మా. ఆ రోజు మీరు నడిచింది మీ నడక కాదు, ముందున్నవాళ్ల నడక. నేనూ 39వ ఏట మొదటిసారి అలాగే పరుగులాంటి నడకతో ఎక్కి, కళ్లు తిరిగి కూర్చుండిపోయాను. రెండోసారి నా పక్కన నడిచిన పెద్దాయన దారి పొడుగునా నాచేత కబుర్లు చెప్పించారు. నా మాట తడబడితే చాలు, ఆయన అడుగు నెమ్మదించేది. పైకి చేరాకే తెలిసింది, ఆయన వింటున్నది నా ఊపిరినని! ఆగకుండా ఒక వాక్యం పూర్తిగా చెప్పగలిగితే అదే మీ వేగం.

చదునుదారిలో అరగంట నడిచినట్టు కొండ మీద కుదరదు. 1892లో స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ ఒక లెక్క చెప్పారు: 5 కిలోమీటర్లకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అది బాగా అలవాటున్నవాళ్ల లెక్క, విరామాలు కలపలేదు. ఈసారి రానూపోనూ 5 కిలోమీటర్లు, 200 మీటర్ల ఎత్తు మించని దారి చూసుకోండి. లెక్క ప్రకారం గంటా 20 నిమిషాలు. మీరు రెండున్నర గంటలు పెట్టుకోండి. ఎన్నింటికి వెనుదిరగాలో బయల్దేరేముందే అనుకుని, ఇంట్లో చెప్పి వెళ్లండి.

తొడలు పట్టేసింది ఎక్కినందుకు కాదు, దిగినందుకు. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. అలవాటు లేకపోతే రెండు మూడు రోజులు నొప్పి మామూలే. వారానికి మూడుసార్లు మెట్లు నిదానంగా దిగండి, కొండ మీద చిన్న అడుగులు వేయండి. మోకాలు వాచినా, ఛాతీలో నొప్పి వచ్చినా మాత్రం డాక్టర్‌ని కలవాల్సిందే.

కొత్త బూట్లు ఇప్పుడే కొనకండి. పట్టున్న పాతవి చాలు. కాటన్ సాక్సులు చెమటను పట్టి ఉంచి బొబ్బలు తెస్తాయి, అవి వద్దు. గోళ్లు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలు నలుగుతుంది. మడమ దగ్గర మంట మొదలవగానే ఆగి అక్కడ మెడికల్ టేపు వేయండి. “ఇంకాస్త దూరమేగా” అనుకుని నేను పోగొట్టుకున్న చర్మం తక్కువేమీ కాదు.

సగంలో తిరిగి రావడం గురించి బాధపడుతున్నారు కదా. ఎమ్మా గేట్‌వుడ్ అనే ఆవిడ 1954లో అమెరికాలోని అపలాచియన్ ట్రైల్ అనే పొడవాటి కొండదారిలో నడక మొదలుపెట్టి, దారి తప్పి, కళ్లజోడు పగిలి, ఇంటికి వచ్చేశారు. మరుసటి ఏడాది మళ్లీ వెళ్లి, 3,000 కిలోమీటర్లు దాటిన ఆ దారంతా ఒంటరిగా నడిచారు. అప్పటికి ఆవిడకి 67 ఏళ్లు. కాళ్లకి కాన్వాసు బూట్లు, భుజాన సొంతంగా కుట్టుకున్న సంచి.

ఈసారి గుంపుతో వద్దు. తొందరలేని స్నేహితురాలిని ఒక్కరినే పిలవండి. ముందు మీరు నడవండి, ఆవిడని వెనక రమ్మనండి.